ఏ డిపార్ట్‌మెంటమ్మా అని ఎవరూ అడగలేదు

2024 సంక్రాంతికి గుంటూరు వెళ్లినప్పుడు, బ్రాడీపేటలో మా పిన్ని ఇంట్లో ఇంటిల్లిపాదీ కూర్చుని, అంతకు ముందు నెలలోనే నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘కర్రీ అండ్ సైనైడ్’ అనే డాక్యుమెంటరీ చూశాము. పిన్ని చేటలో ఎండుమిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తూ చూస్తున్నది. కేరళలోని ఒక కుటుంబంలో ఆరుగురిని చంపిందన్న ఆరోపణ ఉన్న ఆ ఇంటి కోడలు, కాలికట్ ఎన్‌ఐటీలో లెక్చరర్‌నని చెప్పి, గుర్తింపు కార్డు వేసుకుని, ఏళ్ల తరబడి రోజూ పొద్దున్నే బయలుదేరేదనీ, అసలు అక్కడ ఆమెకు ఉద్యోగమే లేదనీ తెలిసేసరికి పిన్ని ఆగలేకపోయింది. “నెల తిరిగేసరికి జీతమేదే అని ఆ మొగుడైనా అడగలేదంటరా?” అన్నది. అందరం నవ్వాము. కాసేపటికే, చనిపోయినవారిలో రెండేళ్లయినా సరిగా నిండని పసిపాప కూడా ఉన్నదని తెలిసింది. పిన్ని చేతిలోని మిరపకాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ తర్వాత చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

అలా నవ్వినందుకు సిగ్గుపడాలా అని అప్పటినుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. సిగ్గుపడనక్కరలేదనే నా అభిప్రాయం. మనం నవ్వింది చావును చూసి కాదు, మనకు బాగా తెలిసిన మొహమాటాన్ని చూసి. చదువుకున్న కోడలు, మంచి ఉద్యోగం, పదిమందిలో గౌరవం అనుకున్న తర్వాత “ఏ డిపార్ట్‌మెంటమ్మా?” అని అడగడానికి మన ఇళ్లలో మాత్రం ఎవరికి నోరు వస్తుంది? అడిగితే అనుమానించినట్టు ఉంటుందని ఊరుకుంటాము.

కోజికోడ్ జిల్లా కూడత్తాయిలో 2002 నుంచి 2016 వరకు ఒకే కుటుంబానికి, దాని బంధువర్గానికి చెందిన ఆరుగురు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. మొదట అత్తగారు మటన్ సూప్ తాగిన తర్వాత కుప్పకూలిపోయారు. తర్వాత మామగారు, 2011లో భర్త పోయారు. ఆరుగురిలో పోస్టుమార్టం జరిగింది ఆ భర్తకు ఒక్కడికే. అదీ ఆయన మేనమామ పట్టుబట్టబట్టి జరిగింది. శరీరంలో సైనైడ్ ఉన్నదని తేలినా, ఆత్మహత్య అని రాసి ఫైలు మూసేశారు. పట్టుబట్టిన ఆ మేనమామ కూడా 2014లో చనిపోయారు. బంగారం పనిలో వాడే సైనైడ్ ఒక నగల దుకాణం ఉద్యోగి ద్వారా ఆ కోడలికి చేరిందని పోలీసుల ఆరోపణ. “పోయిన మనిషిని మళ్లీ కోయించడం ఎందుకు?” అనే మాట గుంటూరులో నేను ఎన్ని చావు ఇళ్లలో విన్నానో చెప్పలేను. ప్రేమతోనే అంటారు ఆ మాట. ఇక్కడ మాత్రం, అడగకుండా మిగిలిపోయిన ప్రశ్నలన్నీ 2019 అక్టోబరులో సమాధులు తవ్వితే గానీ బయటికి రాలేదు.

ఈ డాక్యుమెంటరీ మీద నాకున్న అభ్యంతరం దాని పేరుతో మొదలవుతుంది. అత్తగారు తాగినది సూప్ అయితే, పేరులోకి కర్రీ ఎందుకు వచ్చింది? మన దేశం అనగానే ముందుగా కూర గుర్తొచ్చే దూరదేశపు ప్రేక్షకుడి నోరూరించడానికి వచ్చిందని నేను నమ్ముతున్నాను. తల్లినీ తండ్రినీ అన్ననూ పోగొట్టుకున్న ఆడపడుచు కెమెరా ముందు కూర్చుని తన కథ చెబుతుంటే, ఆ కథకు వంటకం పేరు తగిలించడం అమర్యాద. కోర్టు తీర్పు రాకముందే కథకు ముగింపు పలికినట్టు చూపించడం అంతకంటే పెద్ద తప్పు. జీతం గురించి అడగని ఇంటిని చూసి నవ్వించినంత శ్రద్ధగా, సైనైడ్ దొరికిన తర్వాత కూడా మూతపడిన ఆ ఫైలు దగ్గర ఆగి ఉంటే, ఆ నవ్వుకు ఒక అర్థం ఉండేది.

మన పత్రికలో దీని గురించి రాయడానికి ఇంకొక కారణం ఉన్నది. ఈ కేసును కదిలించినది అమెరికాలో ఉంటున్న, ఆ భర్త తమ్ముడు. సోదరితో కలిసి, సమాచార హక్కు చట్టం కింద పోస్టుమార్టం కాగితాలు తెప్పించుకుని, మామగారి పేరిట వచ్చిన వీలునామాను ప్రశ్నించి, 2019లో ఫిర్యాదు చేశాడు. దూరాన ఉన్నవాడు, ఊళ్లో రోజూ ముఖాలు చూసుకోవలసిన అవసరం లేనివాడు అడగగలిగాడు. విదేశాల్లో ఉంటున్న మనకు కూడా ఆ దూరం ఉన్నది. కానీ మనలో చాలామందిమి దాన్ని పది రోజుల సెలవుకూ, పెద్దకర్మ అయిన మర్నాటి విమానానికీ సరిపెట్టుకుంటున్నాము.

2009లో మా పెద్దమామయ్య పోయినప్పుడు నేను చేసింది కూడా అదే. ఫోనులో “గుండె ఆగింది” అన్నారు, వెళ్లాను, వచ్చాను. ఇక్కడి డాక్టరు మీ ఇంట్లో గుండెజబ్బులు ఎవరికైనా ఉన్నాయా, ఏ వయసులో, ఎలా వచ్చాయని అడిగితే ఒక్క ముక్క చెప్పలేకపోయాను.

2024 సెప్టెంబరులో, గుంటూరుకు గంట ప్రయాణం కూడా లేని తెనాలిలో, తాగే వాటిలో సైనైడ్ కలిపి ఇచ్చి నగలూ డబ్బూ దోచుకున్నారనీ, నలుగురి ప్రాణాలు తీశారనీ ముగ్గురు మహిళలను పోలీసులు అరెస్టు చేశారన్న వార్త చదివి పిన్నికి ఫోను చేశాను. ఈసారి ఆమె నవ్వలేదు. ఎవరినీ నమ్మి మంచినీళ్లు తాగేట్టు లేదన్నది. మాటల మధ్యలో, పదిహేనేళ్ల తర్వాత, మామయ్యకు అసలేమయిందని అడిగాను. రెండు రోజుల ముందు నుంచే ఎడమ చెయ్యి లాగుతున్నదని అంటుంటే గ్యాస్ అనుకుని వాము నీళ్లు ఇచ్చామనీ, ఆస్పత్రికి తీసుకెళదామని అత్తయ్య అన్నా పండగ పూట ఎందుకని ఆయనే వద్దన్నారనీ చెప్పింది.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు పిన్నీ అన్నాను.

“నువ్వెప్పుడూ అడగలేదుగా నాన్నా” అన్నది.