లారా ఇల్లు కట్టింది ఎవరి నేల మీద?

ఏడాదికోసారైనా నా ఫోనుకు వచ్చే సందేశం ఒకటుంది. పంపేవాళ్లు మారుతుంటారు, సరుకు మాత్రం అదే. ఖాళీగా పడివున్న నేలను ఎవరి సాయమూ లేకుండా సాగు చేసుకున్న తన కుటుంబం కథను అమెరికా బాలల రచయిత్రి లారా ఇంగల్స్ వైల్డర్ ఉన్నదున్నట్టు రాసిందట. అది ఈ కాలపు సున్నిత మనస్కులకు గిట్టలేదట. అందుకే 2018లో అమెరికా గ్రంథాలయాలు ఆమె పుస్తకాలను నిషేధించాయట.

నిషేధం సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్న పని. 2018 జూన్‌లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌లోని బాలల విభాగం, 1954 నుంచి లారా పేరుతో ఇస్తున్న బాలసాహిత్య పురస్కారానికి పేరు మార్చింది. అంతే. ఒక్క పుస్తకాన్నీ అల్మరాలోంచి తీయమనలేదు, పిల్లలకు చదివించవద్దని అనలేదు. ఆ పేరు ఉంచేసినా కొంపేమీ మునిగేది కాదని నా అభిప్రాయం. కానీ పేరు మార్చడం వేరు, నిషేధించడం వేరు.

అసలు గొడవంతా ‘ఖాళీ నేల’ దగ్గరే ఉంది. 1935లో వచ్చిన ‘లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీ’ నవలలోని ఇల్లు కాన్సాస్‌లో ఉండేది. లారా తండ్రి 1869లో అక్కడికి చేరేనాటికి ఆ నేల ఓసేజ్ ఆదివాసులది. చట్టప్రకారం వాళ్లకు కేటాయించిన రిజర్వు. 1870 జనాభా లెక్కల్లో ఇంగల్స్ కుటుంబం పేర్లన్నీ ఉన్నాయి. భూమి విలువ రాయవలసిన గడి మాత్రం ఖాళీ. ఈ భూములు ఓసేజ్‌లవి, వచ్చి ఉంటున్నవాళ్లకు వీటిపై హక్కు లేదని లెక్కలు రాసినవాడే నమోదు చేశాడు. మన రెవెన్యూ భాషలో దీన్ని ఆక్రమణ అంటారు.

ఓసేజ్‌లకు అడవిదున్నల వేట కోసం కుటుంబాలతో సహా పడమటికి వెళ్లే ఆనవాయితీ ఉండేది. పొలానికి వెళ్లిన రైతు ఇల్లు ఖాళీ అయినట్టు కాదు కదా, ఇదీ అంతే. నవలలో ఇద్దరు ఓసేజ్‌లు ఇంట్లోకి వచ్చి, తల్లి చేసిన మొక్కజొన్న రొట్టె తిని, తండ్రి పొగాకు పట్టుకుపోతారు. చదువుతుంటే మనకూ భయం వేస్తుంది, లారా కలం బలం అది. ఆ ఇద్దరి వైపు నుంచి చూస్తే మాత్రం అది వాళ్లకు రావలసిన కౌలు.

‘ఉన్నదున్నట్టు’ అనే మాటకొస్తే, లారా పుట్టింది 1867లో. కాన్సాస్‌లో ఉన్నప్పుడు ఆమె రెండు నుంచి నాలుగేళ్ల పిల్ల. రాసింది అరవై దాటాక, కూతురు రోజ్ చేతి దిద్దుబాట్లతో. ఇండిపెండెన్స్ పట్టణం నలభై మైళ్ల దూరమని నవల అంటుంది, నిజానికి పదమూడు మైళ్లే. సైనికులు వచ్చి తరిమేస్తారన్న కబురుతో తండ్రి బండి కట్టినట్టు రాసింది. కానీ వాళ్లు 1871లో వెనక్కి వెళ్లింది విస్కాన్సిన్‌లోని పాత ఇంటిని కొన్నవాడు డబ్బు కట్టలేకపోయినందుకు. అప్పటికే, 1870లో, ఆ భూములను ఎకరం డాలరుంపావుకు వలసదారులకు అమ్మేలా అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ చట్టం చేసింది. నేల వదిలి, ఇప్పుడు ఓక్లహామా అనే చోటికి పోవలసి వచ్చింది ఓసేజ్‌లకు.

ఎవరి సాయమూ లేకుండానా? తర్వాత డకోటాలో వాళ్లకు దొరికిన దాదాపు 160 ఎకరాలు హోమ్‌స్టెడ్ చట్టం కింద ప్రభుత్వం ఇచ్చినవి. చూపు పోయిన అక్క మేరీ అయోవా అంధుల కళాశాలలో చదవడానికి డకోటా ప్రభుత్వమే డబ్బు కట్టింది. కాన్సాస్‌లో ఇంటిల్లిపాదీ మలేరియాతో మంచం పట్టినప్పుడు మందిచ్చి నిలబెట్టింది డాక్టర్ టాన్ అనే నల్లజాతి వైద్యుడు. ఆయన కల్పిత పాత్ర కాదు, సమాధి ఇండిపెండెన్స్‌లో ఉంది. ఆయనను కథలో ఉంచినందుకు లారాను మెచ్చుకోవాలి. ‘మంచి ఇండియన్ అంటే చచ్చిన ఇండియన్’ (అమెరికా ఆదివాసులను అప్పట్లో ఇండియన్లు అనేవారు) అని పొరుగామె చేత అనిపించినా, తండ్రి పాత్ర దాన్ని ఒప్పుకోదు. అదీ ఆమె లెక్కలోనే వేయాలి.

ఇక మిగిలింది ‘ఈ కాలపు సున్నితత్వం’. 1952లోనే ఒక పాఠకురాలు ప్రచురణ సంస్థకు ఉత్తరం రాసింది. ఆ ప్రాంతంలో ‘మనుషులు లేరు, ఇండియన్లు మాత్రమే ఉన్నారు’ అని పుస్తకం మొదట్లోనే ఉండటం ఆమె అభ్యంతరం. లారాకు అప్పుడు ఎనభై అయిదేళ్లు. సున్నిత మనస్కులంటూ విసుక్కోలేదు, వాదించలేదు. అది తన తెలివితక్కువ పొరపాటని, ఇండియన్లూ మనుషులేనని, కాదనడం తన ఉద్దేశం కాదని జవాబిచ్చి, దిద్దమంది. 1953 ముద్రణ నుంచి ‘మనుషులు’ అన్నచోట ‘వలసదారులు’ అని ఉంటుంది. ఇండియన్లు మాత్రమే ఉండేవారన్న తర్వాతి వాక్యాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.