చచ్చాక ఎత్తేసిన నిషేధం

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు శాండీ టర్న్‌బుల్ విషయంలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పెద్దలు అచ్చం అలాగే చేశారు. మ్యాచ్ ఫిక్సింగ్ చేశాడని 1915లో జీవితాంతం నిషేధించారు. 1917 మే 3న ఫ్రాన్స్‌లో, మొదటి ప్రపంచ యుద్ధంలో భాగమైన అరాస్ పోరులో చనిపోయాడు. యుద్ధంలో పనిచేసినందుకు గుర్తింపుగా 1919లో నిషేధం ఎత్తేశారు. ఎత్తేసి ఏం లాభం? ఆడటానికి మనిషేడీ?

స్కాట్లాండ్‌లో ఎయిర్‌షైర్ ప్రాంతపు బొగ్గు గనుల ఊరు హర్ల్‌ఫర్డ్ ఆయనది. పుట్టింది 1884లో. మాంచెస్టర్ సిటీతో 1904లో ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్ఏ కప్ గెలిచాడు. ఆ రోజుల్లో ఆటగాడికి వారానికి 4 పౌండ్లకు మించి జీతం ఇవ్వకూడదని రూలు, సిటీ దొడ్డిదారిన అంతకన్నా ఎక్కువే ఇచ్చిందని బయటపడటంతో 1906లో ఆ క్లబ్బు ఆటగాళ్ళు 17 మందిని సస్పెండ్ చేశారు, వాళ్ళలో టర్న్‌బుల్ కూడా ఉన్నాడు. స్టేడియాలు నింపేది వీళ్ళు, చేతికొచ్చేది ఆ నాలుగు పౌండ్లు, అడిగితే నేరం! 1907 జనవరి 1న మాంచెస్టర్ యునైటెడ్ చొక్కా వేసుకుని దిగాడు, ఆ రోజు మ్యాచ్‌లో పడిన ఒకే ఒక్క గోల్ ఆయనదే. 1907-08లో యునైటెడ్ మొదటిసారి లీగ్ గెలిచినప్పుడు 25 గోల్స్ కొట్టాడు. 1909 కప్ ఫైనల్ నాటికి మోకాలు బాగాలేదు, ఆడించాలా వద్దా అని టెన్షన్ పడ్డారు, చివరికి బ్రిస్టల్ సిటీ మీద 1-0తో గెలిపించింది ఆయనే. యునైటెడ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మొట్టమొదటి గోల్ కూడా ఆయనదే.

ఇక నిషేధం తెచ్చిపెట్టిన గుడ్ ఫ్రైడే మ్యాచ్ సంగతి. 1915 ఏప్రిల్ 2న యునైటెడ్ 2-0తో లివర్‌పూల్‌ని ఓడించింది, సరిగ్గా అదే స్కోరు మీద ముందే పందేలు కాసేశారు. యుద్ధం వల్ల లీగ్ ఆగిపోతుందని, జీతాలు పోతాయని అందరికీ తెలిసిన రోజులవి. టర్న్‌బుల్ ఆ మ్యాచ్‌లో ఆడనేలేదు, అయినా కుట్రలో ఉన్నాడని తేల్చారు.

మా మాట సూటిగా చెబుతాం: యుద్ధంలో చనిపోయాడు కాబట్టి ఫిక్సింగ్ ఊసెత్తకూడదనడం ఆయనకు గౌరవం కాదు. కష్టం వచ్చి తప్పు చేసినవాడిగా చెప్పుకుంటే మనిషిలా కనిపిస్తాడు, వీరుడిగా రంగేస్తే విగ్రహంలా మిగిలిపోతాడు. సైన్యంలో చేరి, చివరికి ఈస్ట్ సర్రే రెజిమెంట్‌తో షెరిసీ అనే పల్లె దగ్గర పోరులోకి దిగాడు, అంతే, మళ్ళీ కనిపించలేదు. శవం దొరకలేదు. భార్యా పిల్లలకు మిగిలింది అరాస్ స్మారకం గోడ మీద ఒక పేరు.

నిషేధం ఎత్తేయడం తప్పని కాదు మేమంటున్నది. తప్పు మాసిపోవాలంటే తుపాకీ పట్టాలన్న లెక్కే మాకు మింగుడుపడటం లేదు. అదే కేసులో ఇరుక్కున్న యునైటెడ్ ఆటగాడు ఇనాక్ వెస్ట్ నేను ఏ పాపం ఎరగనని చివరిదాకా మొత్తుకున్నాడు, కోర్టుకెక్కి ఓడిపోయాడు. 1919లో మిగతా ఇద్దరు యునైటెడ్ ఆటగాళ్ళనూ వదిలేశారు, ఆయన్ని మాత్రం వదల్లేదు. వెస్ట్ మీద నిషేధం తీసేసింది 1945లో, అప్పటికి ఆయనకు 59 ఏళ్ళు.