నిరుద్యోగానికి పరిశ్రమ హోదా ఎందుకివ్వరు?

వరంగల్‌కు పరిశ్రమలు రావడం లేదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. అలాంటివాళ్లను ఒకరోజు పొద్దున్నే హనుమకొండ నయీంనగర్ నుంచి నక్కలగుట్ట దాకా నడిపించాలి. ఆరు కొట్టేసరికి వీపున బ్యాగు, చేతిలో నీళ్ల సీసాతో పిల్లలు బారులు తీరి రీడింగ్ రూమ్‌ల వైపు వెళ్తుంటారు. మళ్లీ రాత్రి పదికి గానీ బయటపడరు. ఆదివారం లేదు, ఓటీ లేదు, బోనస్ మాట లేదు, యూనియన్ ఊసు లేదు. అన్నింటికన్నా గొప్ప సంగతేమిటంటే, వీళ్లు కూలి తీసుకోరు, ఎదురు డబ్బు కట్టి పనిచేస్తారు. ఇంత క్రమశిక్షణ ఉన్న కార్మికులు దొరికే చోటును పారిశ్రామికవాడ అనకపోతే మరేమనాలి?

ఈ రంగం గురించి మాట్లాడే అర్హత నాకు కొంత ఉంది. మా ఇంటి కింది వాటాలో జిరాక్స్ షాపు నడుపుతాను. పైన ఉన్న ఆరు గదులూ గ్రూప్స్, అంటే సర్కారు ఉద్యోగాల పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు అద్దెకిచ్చాను. నేను చెప్పేదాంట్లో స్వార్థం ఉందని మీరనుకోవచ్చు. ఉంది. పారిశ్రామికవేత్త అన్నాక ఉండదా?

కొంచెం చరిత్ర. 1934లో నిజాం ఇక్కడ ఆజం జాహీ మిల్లు పెట్టించాడు. పెద్ద కొడుకు పేరే పెట్టాడు. చుట్టూ పత్తి పండే నేల, పక్కనే రైలు. మిల్లు కూతతో ఊరు నిద్ర లేచేదని మా పెద్దవాళ్లు చెప్పేవారు. తర్వాత అది కేంద్రం చేతికి వెళ్లింది, నష్టాల్లో పడింది, కార్మికులకు స్వచ్ఛంద పదవీ విరమణ ఇచ్చారు. గేటుకు తాళం వేసి, బయట నిలబడ్డవాడితో ఇది నీ ఇష్టప్రకారమే జరిగిందని సంతకం పెట్టించుకోవడాన్ని ప్రభుత్వ తెలుగులో 'స్వచ్ఛంద' అంటారు. మిల్లు నేల కొంత ప్లాట్లయిపోయింది.

ఆ మిల్లు చేసిన తప్పేమిటో చాలాకాలం ఆలోచించాను. అది బట్ట నేసింది. బట్టయితే అమ్ముడుపోవాలి, పోకపోతే నష్టం. మా రంగంలో తయారయ్యేది ఎదురుచూపు. దానికి గోదాము అద్దె లేదు, పురుగు పట్టదు, కొనేవాడి కోసం వెతుక్కునే పని అసలే లేదు.

ఎదురుచూడటంలో మా ప్రాంతానికి ముందునుంచీ మంచి శిక్షణ ఉంది. కాజీపేటలో కోచ్ ఫ్యాక్టరీ కావాలని 1980ల్లో మొదలుపెట్టాం. ఫ్యాక్టరీ కాస్తా 1985లో పంజాబ్‌లోని కపుర్తలాకు వెళ్లిపోయింది, మేం ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయాం. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూల్లో, తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ పెట్టడం సాధ్యమవుతుందో లేదో ఆరు నెలల్లో పరిశీలించాలని రాశారు. పెట్టాలని కాదు, పరిశీలించాలని. కరెంట్ అఫైర్స్ చదివే పిల్లలు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి, బిట్ రావచ్చు. చివరికి 2023 జులై 8న కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు ప్రధాని వచ్చి శంకుస్థాపన చేశారు. అప్పట్లో కోచ్ ఫ్యాక్టరీలో చేరదామనుకున్నవాడి మనవడు ఇప్పుడు సర్కారు పరీక్షలకు ఓటీఆర్ (వన్‌టైమ్ రిజిస్ట్రేషన్) చేసుకునే వయసులో ఉన్నాడు. అదే షెడ్యూల్లో ఉక్కు ఫ్యాక్టరీ సంగతి కూడా పరిశీలించాలని ఉంది. ఇనుప ఖనిజం ఉన్న బయ్యారం వాళ్లు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. ఉక్కు కదా, బయటికి తీస్తే తుప్పు పడుతుందని కాగితంలోనే భద్రంగా ఉంచారనుకుంటాను.

అసలేమీ రాలేదనడం మాత్రం అన్యాయం. శాయంపేట దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరులో పునాదిరాయి పడింది, 2023లో దానికి కేంద్రం టెక్స్‌టైల్ పార్కుల పథకం పీఎం మిత్ర గుర్తింపూ దక్కింది. మడికొండలో 2020 జనవరిలో రెండు పెద్ద ఐటీ కంపెనీలు ఆఫీసులు తెరిచాయి. నాకేం కడుపుమంట లేదు. కానీ మా పై అంతస్తులో ఎవరినైనా అడిగి చూడండి. బీటెక్ చదివి, ఊళ్లో రెండెకరాలు అమ్మించి, చివరికి కుట్టుమిషన్ ముందు కూర్చున్నానని ఇంట్లో ఎలా చెప్పాలి? పెళ్లిచూపుల్లో "అబ్బాయి గ్రూప్స్‌కు ప్రిపేరవుతున్నాడు" అంటే చాయ్‌తో పాటు స్వీటూ హాటూ వస్తాయి. "గార్మెంట్స్‌లో చేస్తున్నాడు" అంటే చాయ్ ఒక్కటే వస్తుంది, అదీ సగం కప్పు. జీతం లేని ఆశకున్న గౌరవం జీతం ఉన్న పనికి లేనప్పుడు, తెలివైన కార్మికుడు ఏ పరిశ్రమలో చేరతాడు?

ఇక మా సీజన్ల గురించి. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి ఎలాగో మాకు నోటిఫికేషన్ అలా. 2022 మార్చి 9న అప్పటి ముఖ్యమంత్రి అసెంబ్లీలో 80,039 ఉద్యోగాలు భర్తీ చేస్తామన్నారు. ఆ రోజు నా వరకు అక్షయ తృతీయే. సాయంత్రానికల్లా గదులకు ఫోన్లు మొదలయ్యాయి. మెస్సు, కర్రీ పాయింట్, టిఫిన్ బండి, మీసేవ, పాత పుస్తకాలవాడు, ఫ్లెక్సీ ప్రింటింగ్ అతను, అందరి ముఖాల్లో కళ వచ్చింది. కుల ధ్రువీకరణకు రెండు కాపీలు, స్టడీ సర్టిఫికెట్లకు రెండు, మెటీరియల్ స్పైరల్ బైండింగ్ వేరే. పాఠం చెప్పే సార్ మాత్రం బయటినుంచి రాడు. పోయినసారి రెండు మార్కుల్లో ఉద్యోగం పోగొట్టుకున్నవాడే ఈసారి మైకు పట్టుకుంటాడు. మా రంగంలో ప్రమోషన్ అంటే అదే.

రాష్ట్రం వచ్చాక తొలి గ్రూప్-1, 503 పోస్టులు. 2022 అక్టోబరు 16న ప్రిలిమ్స్ పెట్టారు, పేపర్ లీకేజీ బయటపడి రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ పెట్టారు, బయోమెట్రిక్ తీసుకోలేదని కోర్టు రద్దు చేసింది. 2024 జూన్ 9న కొత్త నోటిఫికేషన్ మీద ఇంకోసారి పెట్టారు. మా మూడో గదిలోని కుర్రాడు రెండోసారి రద్దయిన రోజు అన్నం తినలేదు. నేనూ బాధపడ్డాను. కానీ షాపు తెరిస్తే హాల్‌టికెట్ కాపీల లెక్క మూడింతలు కనిపిస్తుంది. ఒకే విత్తనానికి మూడు పంటలు ఏ రైతుకు వచ్చాయో చెప్పండి.

గ్రూప్-4 అంతకన్నా శుభప్రదం. 2023 జులై 1న జరిగిన ఆ పరీక్షకు 8,180 పోస్టులుంటే తొమ్మిదిన్నర లక్షల మందికి పైగా దరఖాస్తు పెట్టారు. భాగించి చూసి నేను చేతులు జోడించాను. పోస్టుకు నూట పదహారు మంది! ఇంత ముహూర్తబలం ఉన్న నిరుద్యోగం ఇంకెక్కడైనా ఉంటుందా? 2018 ఎన్నికల్లో నిరుద్యోగ భృతి నెలకు 3,016 రూపాయలన్నప్పుడే ఆ పదహారు చూసి ఇది కట్నం చదివింపుల లెక్కని నాకు అర్థమైంది. 2023 ఎన్నికలప్పుడు అవతలి పార్టీ నాలుగు వేలంది. అందని భృతి ఐదేళ్లలో మూడో వంతు పెరగడం చిన్న విషయం కాదు, అందుతున్న జీతాలు కూడా అంత పెరగలేదు.

మరి ఊళ్లో పనులెవరు చేస్తున్నారని అడుగుతారు. చేసేవాళ్లున్నారు. 2020 మే నెలలో దేశమంతా కూలీలు ఇళ్లకు పోతుంటే, బిహార్‌లోని ఖగడియా నుంచి లింగంపల్లికి ఒక రైలు ఎదురొచ్చింది. అందులో వచ్చింది మన రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు. వాళ్లు లేకపోతే మన వడ్లు బియ్యం కావు. ఇటుక బట్టీల్లో ఒడిశా వాళ్లు. మా బాత్‌రూమ్ టైల్స్ వేసింది రాజస్థాన్ అతను. మా పిల్లలు మాత్రం పైగదుల్లో కూర్చుని 'తెలంగాణ నుంచి వలసలు, కారణాలు' అన్న చాప్టర్ బట్టీ పడుతుంటారు. చౌరస్తా దగ్గరి అడ్డాలో పొద్దున ఏడింటికి వెయ్యి అడిగే మేస్త్రీ పదింటికి ఎనిమిది వందలకు దిగుతాడు, పదకొండింటికి టిఫిన్ గిన్నె సంచిలో పెట్టుకుని ఇంటికి పోతాడు. ఆ అడ్డాలో ఉదయం పదింటికే తెలిసిపోయే సంగతి రీడింగ్ రూమ్‌లో తెలియడానికి పదేళ్లు పడుతుంది. అందుకే అడ్డా చుట్టూ ఒక్క జిరాక్స్ షాపూ లేదు.

ఇంత పెద్ద పరిశ్రమ సర్కారు లెక్కల్లో సరిగా కనపడకపోవడమే నా బాధ. జాతీయ కార్మిక సర్వే పద్ధతి ప్రకారం వారంలో ఏదో ఒక రోజు కనీసం ఒక గంట పనిచేస్తే, ఆ వారానికి ఉద్యోగిగానే రాసుకుంటారు. ఇంటి కొట్లో జీతం లేకుండా సాయం చేసినా సరే. మధ్యాహ్నం భోంచేసి నేను ఒక కునుకు తీస్తాను. ఆ గంటా మావాడు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. ఎంఏ, బీఈడీ చేసినవాడు, ఎనిమిదేళ్లుగా ప్రిపేరవుతున్నవాడు, నా నిద్ర పుణ్యమా అని వారానికి ఏడు రోజులు ఉద్యోగస్తుడే. నాకు నిద్ర పట్టని వారం దేశంలో నిరుద్యోగం ఒక మెట్టు పెరుగుతుంది.

నేను అడిగేది పెద్దగా ఏమీ లేదు. రీడింగ్ రూమ్‌లకు పారిశ్రామిక రేటుకు కరెంటివ్వండి. వడ్లకు మద్దతు ధర ఉన్నట్టే మాకు ఏడాదికి కనీసం రెండు నోటిఫికేషన్లు హామీ ఇవ్వండి, అందులో ఒకటైనా కోర్టుకెక్కేలా చూడండి. ఫలితాలు మాత్రం తొందరపడి ఇవ్వొద్దు. ఇస్తే ఏమవుతుందో నాకు అనుభవమే. మూడో గది కుర్రాడికి గ్రూప్-4లో జూనియర్ అసిస్టెంట్ పోస్టు వచ్చింది. "అంకుల్, ఖాళీ చేస్తున్నా" అంటూ స్వీటు డబ్బా తెచ్చాడు. కౌగిలించుకున్నాను. అడ్వాన్సులోంచి సున్నం ఖర్చులు పట్టుకుని మిగతాది ఇచ్చేశాను. టు-లెట్ బోర్డు కట్టి కుర్చీ దిగేలోపే ఇద్దరొచ్చారు. ఇద్దరిదీ అదే గ్రూప్-4, ఇద్దరివీ రెండేసి మార్కులు తక్కువ.

ఆ మధ్య కొత్త జిరాక్స్ మెషీన్ కోసం బ్యాంకుకు వెళ్లాను. వ్యాపారం ఎన్నాళ్లు నడుస్తుందని మేనేజర్ అడిగాడు. 2024 ఫిబ్రవరిలో సర్కారు ఉద్యోగాల గరిష్ఠ వయసు 46కు పెంచారు. మావాడికి ముప్పై మూడు. వేళ్ల మీద లెక్కపెట్టుకుని, పదమూడేళ్లకు లోన్ రాసుకోమన్నాను.