పన్నెండు రోజుల మిషన్ ట్రిప్పు, ఏడు నెలల క్రోషా

నేను వెళ్ళొచ్చింది పన్నెండు రోజులు. అందులో రానూపోనూ విమానాలకే మూడు రోజులు పోయాయి, జెట్‌లాగ్‌తో కూర్చున్నచోటే తూగిన రోజు ఇంకొకటి. కానీ దానికోసం మా ఇంట్లో ఖర్చయింది ఏడు నెలలు. ఈ లెక్క నాకు ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది, చెప్పలేదు కాబట్టి నేను మీకు చెప్తున్నాను. మన తెలుగు సంఘం పత్రికలో మతం సంగతులు ఎందుకమ్మా అని ఇప్పటికే ఒకరిద్దరు అన్నారు. ఊళ్ళో గుడి కుంభాభిషేకానికి వెళ్ళొచ్చినవాళ్ళు రాస్తే మనం వేసుకుంటాం, నేనూ ఇష్టంగానే చదువుతాను. మా చర్చి వాళ్ళం కడప జిల్లాకి వెళ్ళిందీ అలాంటి ప్రయాణమే. ఇంట్లో జరిగిన గొడవలు కూడా ఇంచుమించు అవేనేమో అని నా అనుమానం.

మాది ప్రొద్దుటూరు. ఇప్పుడు ఉండేది డల్లాస్ దగ్గర. ఇద్దరు పిల్లలు, పెద్దది ఐదో తరగతి, చిన్నోడు ఒకటి. మా తెలుగు ఫెలోషిప్ వాళ్ళు కిందటేడు వేసవిలో జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో వి.బి.ఎస్. పెడదామన్నారు. తెలియనివాళ్ళకి చెప్తున్నా, వి.బి.ఎస్. అంటే వేసవి సెలవుల్లో చర్చిలో పిల్లలకి పాటలు, బైబిలు కథలు, కంఠత వాక్యాలు, ఆటలు, వాటితోపాటు క్రాఫ్ట్స్. నా చేతిలో ఎప్పుడూ క్రోషా సూది ఉంటుంది కాబట్టి ఆ క్రాఫ్ట్స్ పని నా నెత్తిన పెట్టారు. నేనూ వద్దనలేదు, లోపల కొంచెం గర్వంగానే అనిపించింది.

టికెట్ డబ్బులు ఎవరికి వాళ్ళు సంపాదించుకోవాలన్నారు. సరే, క్రోషా అల్లి అమ్ముదామనుకున్నాను. పసిపిల్లల టోపీలు, టేబుల్ మ్యాట్లు, నీళ్ళ బాటిల్ సంచులు అల్లాను, అవన్నీ ఓ మోస్తరుగా పోయాయి. దీపావళి స్టాల్‌లో పెట్టిన మామిడాకుల తోరణాలు మాత్రం ఒక్క పూటలో అయిపోయాయి, ఇంకా కావాలని పేర్లు రాసిచ్చి పోయారు. అంటే మా మిషన్ ట్రిప్పు టికెట్‌లో సగం ఇప్పుడు మీ ఇళ్ళ గుమ్మాలకి వేలాడుతోంది. దీనికి మీరు నవ్వుకోవచ్చు, మా పాస్టరు గారు కూడా నవ్వారు.

నవ్వు రాని సంగతి ఇంకోటుంది. క్రోషా పట్టుకున్నవాళ్ళకి "ఇంకొక్క వరస" అనే జబ్బు ఉంటుంది, ఈ వరస అయ్యాక లేస్తా అంటూ రెండు గంటలు కూర్చుంటాం. ఆ ఏడు నెలలు పెద్దదాని లెక్కలు వాళ్ళ నాన్న చూశారు, రాత్రి ఫ్రోజెన్ పరోటాలు తిన్నాం, చిన్నోడికి పడుకునేముందు కథ చెప్పడం వారానికి రెండు రోజులకి వచ్చింది. ఆ కథ చెప్తూ కూడా చేతులు ఆడుతూనే ఉండేవి. పెద్దదాని స్కూల్లో వయొలిన్ ప్రోగ్రాం ఉంటే వెళ్ళి మూడో వరసలో కూర్చుని, చీకట్లో ఎవరూ చూడరని సంచిలోంచి తోరణం తీసి ఒక్కో ఆకూ లెక్కపెట్టుకుంటూ అల్లాను. ఇంటికొస్తుంటే కారులో అడిగింది, నేను తప్పు వాయించింది విన్నావా అని. వినలేదు. విన్నానన్నాను. "ఎక్కడ?" అంది.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఎక్కడో పిల్లలకి ప్రేమ పంచడానికి పోతున్నానని నాలుగు చోట్ల లేచి నిలబడి చెప్పుకున్నదాన్ని నేనే.

మా ఆయన ఏమీ అనలేదు. అనకపోవడం ఒప్పుకోవడం కాదని మనలో చాలామందికి తెలుసు, అవసరమొచ్చినప్పుడు తెలియనట్టుంటాం.

ఇక సూట్‌కేసులు. ఇరవై మూడు కిలోల పెట్టెలు రెండు. వాటిలో నా బట్టలు ఐదు జతలు, మిగతాదంతా ఫోమ్ షీట్లు, ఐస్‌క్రీం పుల్లలు, స్టిక్కర్లు, మెరుపుల పొడి, క్రేయాన్లు. క్రేయాన్లు మైనంతో చేస్తారని తెలిసి కూడా, మే నెలలో, కడప జిల్లాలో, కారు డిక్కీలో పెట్టి మధ్యాహ్నం భోజనానికి దిగాను. సంగటి, ఊరుబిండి తిని వచ్చి చూస్తే రంగులన్నీ ఒకటై ఫోమ్ షీట్లకి అంటుకుపోయి ఉన్నాయి. అక్కడ పుట్టి పెరిగినదాన్ని, ఆ ఎండ నాకు గుర్తు లేదా? లేదనే అనుకోవాలి.

పోయేముందు ఇంకో తలనొప్పి వచ్చింది, ఇది మీలో చాలామందికి పనికొస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. టీంలో ఏడుగురం. నలుగురికి అమెరికా పాస్‌పోర్టూ ఓసీఐ కార్డూ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయ మూలాల వాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు), నాతో కలిపి ముగ్గురికి ఇంకా ఇండియా పాస్‌పోర్టు. ఓసీఐ ఉంటే సొంత ఊరే కదా, ఏం చేసినా ఎవరడుగుతారు అనుకుంటాం. కానీ ఓసీఐ వాళ్ళు మిషనరీ పని చేయాలంటే ముందుగా ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (ఇండియాలో విదేశీయుల నమోదు ఆఫీసు) దగ్గరో ఇండియా ఎంబసీ దగ్గరో ప్రత్యేక అనుమతి తీసుకోవాలని 2021 మార్చి నోటిఫికేషన్‌లో స్పష్టంగా ఉంది. టూరిస్టు వీసా మీద మత ప్రచారం అసలు కుదరదు, దానికి మిషనరీ వీసా అని వేరే ఉంది. డబ్బు సంగతీ అంతే. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరులు ఇస్తే, ఓసీఐ ఉన్నా సరే, విదేశీ విరాళమే. తీసుకునే సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోకే రావాలి. కవర్లో పెట్టి పాస్టరు గారి చేతిలో పెట్టొస్తే మనం విమానం ఎక్కేస్తాం, జవాబు చెప్పుకోవాల్సింది ఆ పల్లె పాస్టరు.

మా మీటింగులో ఒకరన్నారు, వి.బి.ఎస్. అనొద్దు, క్రాఫ్ట్స్ క్యాంపు అని చెప్పుకుందాం, క్రాఫ్ట్స్‌కి మతమేముంది అని. క్రాఫ్ట్స్ నావి కదా, నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఇప్పటికీ ఆ మౌనం గుర్తొస్తే సిగ్గేస్తుంది. చివరికి మాలో అందరికన్నా పెద్దావిడ "దేవుడి పనికి దొంగ పేరు పెడతారా" అని గట్టిగా అనేసరికి సంగతి తేలిపోయింది. అనుమతికి టైం లేదు కాబట్టి ఓసీఐ వాళ్ళు నలుగురూ పాఠం చెప్పరు, ఆదివారం ఆరాధనలో అందరితోపాటు కూర్చుంటారు, అంతే. పాఠాలు ఆ ఊరి సండే స్కూల్ టీచర్లే చెప్పారు. డిగ్రీ చదువుతున్న ఒకమ్మాయి మా యాసలో దావీదు గొల్యాతు కథ చెప్తుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. నేను ఈ తెలుగూ ఆ ఇంగ్లీషూ కలిపి చెప్పుంటే సగంమంది నిద్రపోయేవాళ్ళు.

నా క్రాఫ్ట్స్ ఏమయ్యాయో కూడా చెప్పాలి. మొదటిరోజు ఫోమ్ షీట్లతో నోవహు ఓడ చేయించాను, అతుకులు ఎండకి ఊడిపోయాయి. రెండోరోజు ఒక పిల్లోడు ఆ షీటుని గుండ్రంగా కత్తిరించి, ఇంటికాడి నుంచి తెచ్చుకున్న జొన్నసొప్ప బెండుకి చక్రాలుగా గుచ్చి పది నిమిషాల్లో ఎద్దులబండి చేసేశాడు. మూడోరోజుకి అందరూ సొప్ప తెచ్చుకున్నారు. నేను చేసింది కత్తెర అందివ్వడం.

మధ్యాహ్నాలు చర్చి పక్కన వేపచెట్టు కింద ఒక అవ్వ బొంత కుడుతుండేది. పాత నూలు చీరలు నాలుగు పొరలు పరిచి, అంచుల చుట్టూ రంగు గుడ్డల అతుకులేసి, చుక్కలు పెట్టినట్టు దగ్గర దగ్గరగా కుట్టు. నేను అల్లిన క్రోషా దుప్పటి ఆమెకిద్దామని తీసుకుపోయి ఒళ్ళో పెట్టాను. వేళ్ళు రంధ్రాల్లోంచి పోనిచ్చి చూసి, "బాగుండాది మే. ఇన్ని బొక్కలుండాయి, ఇది కప్పుకుంటే చలి ఆగుతాదా?" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. తర్వాత రెండు మధ్యాహ్నాలు ఆమె పక్కన కూర్చుని ఆ కుట్టు నేర్చుకున్నాను. నా కుట్లు వంకర పోతే ఏమీ అనకుండా విప్పేసి మళ్ళీ సూది చేతికిచ్చేది. ఆ పన్నెండు రోజుల్లో నేను నిజంగా ఒక మనిషి పక్కన కూర్చున్నది ఆ రెండు పూటలే.

మిషనరీలు చేతిపని నేర్పిన కథ మన దగ్గర పాతదే. నర్సాపురం లేసు 1844లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులతో మొదలైందని చెప్తారు. ఆ లేసు దేశాలు దాటి పోయింది, అల్లిన ఆడవాళ్ళకి దక్కిన కూలి మాత్రం ఎప్పుడూ అంతంతే, అది వేరే వ్యాసం. మా కడపకి లండన్ మిషన్ వాళ్ళు 1822లో వచ్చారు. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆస్పత్రి వాళ్ళు పెట్టిందే, మా పెద్దన్న పుట్టింది అందులోనే. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ గారి సంగతి రాయలసీమలో ఎవరినడిగినా చెప్తారు. 1952లో స్పెయిన్ నుంచి జెసూట్‌గా, అంటే ఒక క్యాథలిక్ గురువుల సంఘం మనిషిగా, ఇండియాకి వచ్చారు, 1969లో అనంతపురంలో ఆర్‌డీటీ అనే గ్రామీణాభివృద్ధి సంస్థ మొదలుపెట్టారు, తర్వాత ఆ గురువుల సంఘం వదిలేశారు, 2009లో పోయేదాకా ఆ ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళతో ఎన్ని విషయాల్లో ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఒకటి కాదనలేం, వాళ్ళు వచ్చి ఉండిపోయారు. ఇక్కడి భాష నేర్చుకున్నారు, ఇక్కడి జ్వరాలు పడ్డారు, పిల్లల్ని ఇక్కడే పెంచుకున్నవాళ్ళున్నారు. మేము పన్నెండు రోజులకి పోయి, అదే మాట వాడుకుని "మిషన్" అంటున్నాం.

పన్నెండు రోజులకి పోతే దాన్ని చుట్టపుచూపు అనాలి. చుట్టపుచూపులో తప్పేమీ లేదు, చుట్టాలు రావడం ఎవరికి చేదు? కాకపోతే చుట్టం చుట్టంలాగే ఉండాలి. పెట్టింది తిని, పిల్లల చదువులడిగి, బొంత బాగుందంటే పక్కన కూర్చోవాలి. వంటింట్లోకి పోయి డబ్బాలన్నీ సర్ది, మీరు ఇన్నాళ్ళూ తప్పుగా పెట్టుకున్నారు అని చెప్పి రేపటి బస్సుకి పోయే చుట్టాన్ని మళ్ళీ ఎవరూ పిలవరు. ఫోమ్ షీట్ల పెట్టెలు మోసుకుపోయిన నేను అలాంటి చుట్టాన్నే. ఆ సామానుకీ దాని లగేజీకీ పెట్టిన డబ్బుతో అక్కడి చేతిపనులే కొనుండొచ్చు. తిరుగు దారిలో ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఆగాం, 2020లో పద్మశ్రీ వచ్చిన దళవాయి చలపతిరావు గారి ఊరు. తోలుబొమ్మలాటలు తగ్గిపోయి, అవే మేకతోళ్ళ మీద అవే రంగులతో ల్యాంపుషేడ్లు చేస్తున్నారు. నెమళ్ళున్నది ఒకటి కొన్నాను. మా హాల్లో వెలుగుతుంటుంది, చిన్నోడికి చాలా ఇష్టం.

మా అమ్మ సంగతి చివరికి రాస్తున్నాను. ట్రిప్పులో కూడా ఆమె వంతు చివరికే వచ్చింది. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు ఎంత దూరం, ఇరవై కిలోమీటర్ల చిల్లర. రోజూ సాయంత్రం పోయి రావచ్చు. టీంతో ఉండాలి, రేపటి క్రాఫ్ట్ కత్తిరించాలి అంటూ రెండు రాత్రులు మాత్రం పోయాను, అందులో ఒక రాత్రి నిద్రే. మామిడిపండ్లు తెప్పించి గడ్డివేసి మాగబెట్టి పెట్టుంది. పొద్దున్నే బయల్దేరుతుంటే అంది, "ఊర్లో పిల్లోళ్ళందరికీ బొమ్మలు చేసిపెడ్తివి. నీ పిల్లోళ్ళని ఆడ వదిలిపెడ్తివి, నా కాడ ఒక దినం కుదురుగా కూచోకపోతివి. ఏం సువార్త అమ్మీ ఇది?" మా అమ్మ నాకన్నా భక్తి గలది, తెల్లారి నాలుగింటికి లేచి ప్రార్థన చేసుకునే మనిషి. అందుకే ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది.

డల్లాస్‌లో దిగేసరికి చిన్నోడికి జ్వరం తగ్గి రెండు రోజులైంది. నాకు చెప్పలేదు, చెప్తే టెన్షన్ పడతావని అన్నారు మా ఆయన. బట్టలు కుర్చీల మీద, గిన్నెలు సింకులో, ఆయన కళ్ళ కింద నలుపు. చర్చిలో నన్ను ముందుకి పిలిచి సాక్ష్యం చెప్పమన్నారు, చప్పట్లు కొట్టారు. ఆయన వెనక బెంచీలో చిన్నోణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చున్నారు, ఆయన్ని ఎవరూ లేపి నిలబెట్టలేదు. ఆ పన్నెండు రోజుల పనిలో బరువైన సగం ఆయనే మోశారు. ఇలాంటి ప్రయాణాలకి పంపే ఏ సంఘమైనా, గుడిదైనా చర్చిదైనా, పోయేవాళ్ళ పేర్లు రాసుకునేటప్పుడే ఇంటికాడ ఉండేవాళ్ళని కూడా పిలిచి అడగాలని నాకనిపిస్తుంది. మీరు ఒప్పుకున్నారా, వంట ఎవరు చేస్తారు, పిల్లోడికి జ్వరమొస్తే ఎవరు తోడుంటారు అని. మా చర్చిలో ఈ మాట ఎత్తితే ఒకాయన, అట్లయితే ఎవరూ పోరమ్మా అన్నారు. పోకపోతే పోకపోయారు.

ఈసారి వేసవికి టీంతో పోవడం లేదు. పిల్లల్ని తీసుకుని మూడు వారాలు మా అమ్మ దగ్గరే ఉంటాను, ఆదివారాలు ఆ పల్లె చర్చికి పోతాం, పెద్దది వయొలిన్ తెస్తానంది. బొంతకి పాత చీరలు ఏరి పెట్టమని అమ్మకి ఫోన్ చేశాను, అవ్వ దగ్గర మిగతా కుట్టు నేర్చుకోవాలి కదా. "చీరలదేముందిలే, ముందు టికెట్లు కొనుక్కో" అంది.