మూడు కోర్టు వాయిదాలు ఎగ్గొడితే కేసు పోదు, వారెంట్ వస్తుంది

ఈ మధ్య నల్లగొండ, మిర్యాలగూడ గ్రూపుల్లో ఒక మెసేజ్ ఆగకుండా తిరుగుతోంది. ‘వాహనదారులకు శుభవార్త’ అని మొదలై ‘అందరికీ పంపండి’ అని ముగుస్తుంది. చుట్టాలు పంపారు, చిన్నప్పటి దోస్తులు పంపారు. అంతవరకు చిరాకుపడి ఊరుకున్నాను. కానీ కోర్టులో నేను వకీలుగా కేసు నడుపుతున్న మనిషి కూడా దాన్నే పంపి, “ఇది నిజమైతే నేను వాయిదాకు రావాల్సిన పని లేదు కదా సార్” అని అడిగాడు. ఇక ఊరుకోలేను.

మెసేజ్‌లో ఉన్నది ఇదీ. పెండింగ్ చలాన్లన్నీ వచ్చే లోక్ అదాలత్‌లో వంద శాతం మాఫీ. ఆరు నెలలు దాటిన చలాన్ ఎలాగూ చెల్లదు. పాత ఏపీ 24, ఏపీ 22 నంబర్ బండ్లకు చలాన్ పడదు. ఫోన్‌లో చూపించే లైసెన్స్ చెల్లదు. పిల్లలు బండి నడిపితే ఎవరి మీదా కేసు ఉండదు. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో కోర్టు కాగితం ఇచ్చినా పోవద్దు, మూడు వాయిదాలకు పోకుంటే కేసు కొట్టేస్తారు. పెండింగ్ చలాన్ ఉందని బండి తాళం గుంజుకునే హక్కు పోలీసులకు లేదు. చివర, ‘మీ చలాన్లు చూసుకోండి’ అని ఒక లింక్.

చిన్నవాటిని ముందు పక్కన పెడదాం. ప్రభుత్వ యాప్‌లైన డిజిలాకర్‌లో, ఎం-పరివాహన్‌లో చూపించే లైసెన్స్, ఆర్‌సీ చెల్లుతాయి. 2018లోనే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఈ మాట చేర్చారు. గ్యాలరీలో దాచుకున్న ఫోటో మాత్రం చెల్లదు. ఏపీ 24 అయినా, టీఎస్ 05 అయినా, 2024 మార్చి తర్వాత వచ్చిన టీజీ 05 అయినా అన్నీ ఆర్టీఏ రికార్డులో ఉన్న నంబర్లే, చలాన్ అన్నింటికీ పడుతుంది. ఇక పిల్లల సంగతి. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులో, బండి యజమానో దోషి అవుతారు. 3 ఏళ్ల వరకు జైలు, 25,000 జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. కేసు ఉండదని రాసినవాళ్లు ఇంట్లో పిల్లలున్న ఎవరికీ ఈ మెసేజ్ పంపకుండా ఉంటే బాగుండేది.

మాఫీ మాట ఎక్కడి నుంచి పుట్టిందో నాకు తెలుసు. తెలంగాణలో రెండుసార్లు పెద్ద రాయితీ ఇచ్చారు. 2022 మార్చిలో టూ వీలర్లకు 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబర్ 26 నుంచి మళ్లీ ఇచ్చారు. అప్పుడు బైకులకు, ఆటోలకు 80 శాతం, కార్లకు, లారీలకు 60 శాతం, ఆర్టీసీ బస్సులకు, తోపుడు బండ్లకు 90 శాతం తగ్గింది. గడువు పొడిగిస్తూ 2024 ఫిబ్రవరి 15 దాకా తీసుకెళ్లారు. రెండుసార్లూ ప్రభుత్వమే బహిరంగంగా ప్రకటించింది, రెండుసార్లూ ఎంతో కొంత కట్టాల్సిందే. ఉత్తరప్రదేశ్‌లో 2017 నుంచి 2021 మధ్య పడ్డ చలాన్లను అక్కడి ప్రభుత్వం రద్దు చేసిన మాట నిజం. ఢిల్లీలో లోక్ అదాలత్ రోజు చలాన్ల కోసం జనం క్యూ కట్టే మాటా నిజం. ఈ మూడింటినీ కలిపి వండి, దాని మీద మన జిల్లా పేరు రాసి పంపుతున్నారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదురుతుంది, కొన్ని చిన్న కేసుల్లో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టి బయటపడతారు. అక్కడ అయిన తీర్పు మీద అప్పీలు ఉండదు. కానీ ఎవరూ కట్టనక్కర్లేదని మొత్తంగా కొట్టేయడం లోక్ అదాలత్ పని కాదు.

ఆరు నెలల మాటలో సగం నిజం ఉంది. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని 6 నెలల్లోగా కోర్టు విచారణకు స్వీకరించాలి. క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో ఇది 468వ సెక్షన్, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 514. అయితే ఆ గడువు కోర్టుకు పెట్టింది, పోలీసుల వెబ్‌సైట్‌కు కాదు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే కోర్టు మన్నించవచ్చు కూడా. సైట్‌లో మీ బండి నంబర్ కింద ఉన్న చలాన్ తేదీ దాటిందని దానంతట అది చెరిగిపోదు. కోర్టులో అప్పటికే కేసు పడిందా, ఈ గడువు మాట ఎత్తే పనే లేదు.

అసలు ఈ మెసేజ్ మీద నాకు కోపం రావడానికి కారణం మూడు వాయిదాల మాట.

ఇది రాసినవాళ్లకు రెండు వేర్వేరు సంగతులు ఒకటిగా కనబడ్డాయి. హెల్మెట్ లేదని కెమెరాలో ఫోటో తీసి వేసేది చలాన్. అది మీ బండి నంబర్ మీద ఉన్న బాకీ. ఫోన్‌లోనో, మీసేవలోనో కడితే అయిపోతుంది. ఫోటోలో ఉన్నది మీ బండి కాకపోతే ఆ ఫోటో, మీ ఆర్‌సీ పెట్టి ఫిర్యాదు చేసుకోవచ్చు. డ్రంక్ అండ్ డ్రైవ్ అట్లా కాదు. అది మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ కింద మీ మీద పెట్టే క్రిమినల్ కేసు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే మొదటిసారికి 6 నెలల వరకు జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. రెండోసారికి 2 ఏళ్ల వరకు జైలు, లేదా 15,000, లేదా రెండూ. రోడ్డు మీద డబ్బు కట్టి రాజీ చేసుకునే నేరాల జాబితా 200 సెక్షన్‌లో ఉంది. అందులో 185 లేదు. అందుకే ఇది చలాన్ సైట్‌లో కట్టేస్తే తీరదు, మెజిస్ట్రేట్ ముందే తేలాలి.

మరి ఈ ‘మూడు వాయిదాలు’ ఎక్కడివి? దావా వేసిన మనిషే రాకపోతే దావా కొట్టేసే పద్ధతి సివిల్ కోర్టులో ఉంది. భూమి తగాదాలో ఎవరికో అట్లా జరిగి ఉంటుంది, ఆ కథ విని ఇక్కడ అతికించారు. క్రిమినల్ కేసులో కేసు పెట్టింది ప్రభుత్వం, మీరు నిందితులు. నిందితుడు రాలేదని కేసు కొట్టేసే కోర్టు ఉంటే దేశంలో ఒక్క కేసైనా నిలబడుతుందా? నిందితుడు రాకపోతే ముందు సమన్లు, తర్వాత బెయిలబుల్ వారెంట్, అప్పటికీ రాకపోతే నాన్ బెయిలబుల్ వారెంట్. జరిమానా కట్టి ఒక్క పూటలో ముగించుకోవాల్సిన మనిషిని తెల్లవారుజామున కానిస్టేబుల్ ఇంటికొచ్చి తీసుకుపోతాడు. అప్పుడు జామీను కోసం ఇద్దరిని వెతకాలి, వారెంట్ వెనక్కి తీసుకోమని రీకాల్ పిటిషన్ వేయాలి, వకీలు ఫీజు ఇవ్వాలి, ఆ రోజు కూలీ పోతుంది. ఈ మెసేజ్ ఫార్వర్డ్ చేసినవాళ్లలో ఒక్కరైనా ఆ రోజు జామీను పడడానికి వస్తారా?

ఇంకొకటి. మన జిల్లాల్లో ఎంతమంది పిల్లలు కానిస్టేబుల్ ఉద్యోగానికి చదువుతున్నారో ఊరూరా కనబడుతూనే ఉంది. ఎంపికైన తర్వాత నింపే అటెస్టేషన్ ఫారంలో నీ మీద కేసులు ఉన్నాయా అని అడుగుతారు. ముగిసిన కేసును రశీదుతో సహా చూపించి వివరణ ఇచ్చుకోవచ్చు. పెండింగ్ వారెంట్‌కు ఏ వివరణ ఇస్తారు? పాస్‌పోర్ట్‌కు పోలీసు వెరిఫికేషన్‌లో కూడా ఇదే తిప్పలు.

కాబట్టి డ్రంక్ అండ్ డ్రైవ్‌లో పట్టుబడిన వాళ్లు చేయాల్సింది చెప్తాను. ఊదించిన మెషీన్ నుంచి వచ్చిన చీటీ, పోలీసులిచ్చిన కాగితం దాచుకోండి. కేసు ఏ కోర్టుకు పోతుందన్నది మీ ఇంటి అడ్రస్‌ను బట్టి కాదు, పట్టుబడిన చోటును బట్టి ఉంటుంది. దేవరకొండ మనిషి హయత్‌నగర్‌లో దొరికితే వాయిదా రంగారెడ్డి జిల్లా కోర్టుల్లోనే. తేదీ మరిచిపోతే, కాగితం పోతే, ఈ-కోర్ట్స్ సైట్‌లోగానీ యాప్‌లోగానీ వెతకవచ్చు, దానికి రూపాయి ఖర్చు లేదు. రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని, పేరుతోగానీ కేసు నంబర్‌తోగానీ చూడాలి. ప్రతి కేసుకూ 16 అక్షరాల సీఎన్ఆర్ నంబర్ ఉంటుంది. అది ఒక్కసారి దొరికితే రాసి పెట్టుకోండి, మళ్లీ వెతికే పని ఉండదు.

పేరుతో వెతికితే చాలామందికి దొరకదు. పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కిస్తారు కాబట్టి ఒక ‘హెచ్’ తక్కువైనా, ఇంటిపేరు ముందుకో వెనక్కో మారినా కనబడదు. పేరులో మొదటి మూడు నాలుగు అక్షరాలే కొట్టి చూడండి. సూర్యాపేట, భువనగిరి కేసులను నల్లగొండ కింద వెతికేవాళ్లూ ఉన్నారు. 2022 జూన్ 2 నుంచి అవి వేరే న్యాయ జిల్లాలు. అప్పటికీ దొరకకపోతే కేసు లేదని సంబరపడకండి. కాగితం ఇచ్చిన పోలీస్ స్టేషన్‌కు పోయి ఎస్‌టీసీ నంబర్ (ఇలాంటి చిన్న కేసుకు కోర్టు ఇచ్చే నంబర్) అడగండి, దాన్ని తీసుకుని కోర్టు ఆఫీసులో అడిగితే వాయిదా చెప్తారు. తప్పు చేయలేదనుకుంటే ఒప్పుకోవాల్సిన పని లేదు, విచారణ అడగవచ్చు. వకీలుకు ఇచ్చుకునే స్థోమత లేనివాళ్లు కోర్టు ఆవరణలోనే ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోవచ్చు, లేదా ఉచిత న్యాయ సహాయం నంబర్ 15100కు ఫోన్ చేయవచ్చు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. జరిమానా కట్టాక కోర్టు రశీదు పారేయకండి.

పాలమూరు వైపు నుంచి పుణె, ముంబై, బెంగళూరుకు బండ్లు తోలేవాళ్లకు ఒక మాట. మహారాష్ట్రలో, కర్ణాటకలో పడ్డ చలాన్ తెలంగాణ సైట్‌లో వెతికితే లాభం లేదు. కేంద్రం వాళ్ల పరివాహన్ ఈ-చలాన్ సైట్‌లోనో, ఆ రాష్ట్రం పోలీసుల సైట్‌లోనో చూడాలి. అక్కడి నుంచి వర్చువల్ కోర్టుకు, అంటే చలాన్లను ఆన్‌లైన్‌లోనే తేల్చే కోర్టుకు, పోయి ఉంటే వర్చువల్ కోర్ట్స్ సైట్‌లో బండి నంబర్‌తో దొరుకుతుంది.

ఇక ఆ లింక్. నొక్కితే ఏపీకే ఫైల్, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్, దిగుతుంది. ఏ పోలీసు శాఖా, ఏ ఆర్టీఏ కూడా వాట్సాప్‌లో యాప్ పంపదు. ప్రభుత్వ సైట్ పేరు, అంటే అడ్రస్‌లో ‘https://’ తర్వాత వచ్చే మొదటి ‘/’ గీతకు ముందున్న భాగం, ‘డాట్ గవ్ డాట్ ఇన్’తో ముగియాలి, ఇంకెక్కడో ఉంటే కుదరదు. ఆ యాప్ మీ ఎస్ఎంఎస్‌లు చదవడానికి పర్మిషన్ అడుగుతుంది, ఇస్తే బ్యాంకు ఓటీపీలు వాళ్లకు పోతాయి. మీ ఫోన్ నుంచే మీ వాళ్లందరికీ అదే ఫైల్ పోతుంది, అందుకే తెలిసినవాళ్ల పేరుతో వస్తోంది. ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే వెంటనే డేటా, వైఫై ఆపేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు, సైబర్ మోసాల నంబర్ 1930కు చెప్పండి. ఆ తర్వాతే ఫోన్ సంగతి.

మిగిలింది తాళం మాట. ఇందులో మెసేజ్ రాసినవాళ్లు చెప్పింది కరెక్టే. బండిని ఆపి ఉంచే అధికారం 207 సెక్షన్‌లో ఉంది. దానికి కారణాలు కూడా అందులోనే ఉన్నాయి: లైసెన్స్ లేకపోవడం, వయసు చాలకపోవడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ లేకపోవడం లాంటివి. పాత చలాన్ బాకీ ఉండడం ఆ కారణాల్లో లేదు. నడుస్తున్న బండి తాళం గుంజుకోమని చెప్పే సెక్షన్ నేనెక్కడా చదవలేదు. సంత రోజున, పెళ్లిళ్ల సీజన్‌లో రోడ్డు పక్కన భార్యాపిల్లలను నిలబెట్టి పాత బాకీ మొత్తం కట్టమనడం నాకూ నచ్చదు. 206 సెక్షన్ కింద లైసెన్స్ తీసుకుంటే తాత్కాలిక రశీదు ఇవ్వాలి. మర్యాదగా రశీదు అడగండి. ఇవ్వకపోతే తేదీ, సమయం, చోటు రాసుకుని ఎస్పీ ఆఫీసులో రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. ఆ అర్జీ రాయడం రాకపోతే నల్లగొండ కోర్టుకు రండి, నేను రాసిపెడతాను.