మారియో కింద పెయింటర్ ఫోన్ నంబరు

అనంతపురంలో ఇప్పుడు ప్లే స్కూల్ తెరిచినా, గేమింగ్ కేఫ్ తెరిచినా గోడ మీద జపాన్ వీడియో గేముల మారియో ఎగరాల్సిందే, పక్కన పికాచు నవ్వాల్సిందే. మొన్న సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక సందులో పరంజా మీద కూర్చుని మారియో మీసాలు దిద్దుతున్న పెయింటర్‌ని ఊరికే అడిగాను, ఈ బొమ్మకు ఎవరి పర్మిషనైనా ఉందా అని. "జపానోడు అనంతపురానికి యాడొస్తాడు సార్? ఓనర్ ఫోన్‌లో బొమ్మ పంపినాడు, గళ్లు కొట్టి ఎక్కిస్తాండా, అంతే" అన్నాడు. గోడ కింద మూలన తన పేరు, పక్కన 'ఆర్ట్స్', ఫోన్ నంబరు అప్పటికే రాసేసి ఉన్నాయి. నాకు భయం వేసింది ఆ నంబరు చూసే.

చట్టం తెలియనిదేం కాదు, తెలిసీ పక్కన పెట్టేశాం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఒక బొమ్మను ఏ రూపంలో మళ్లీ తయారుచేయాలన్నా ఆ హక్కు దాని యజమానిదే, కాగితం మీదైనా ముప్పై అడుగుల గోడ మీదైనా. నేను చేత్తో గీశాను, ప్రింట్ తీయలేదు అంటే కుదరదు. జపాన్ బొమ్మకు ఇక్కడ హక్కేమిటి అనడమూ కుదరదు, పరాయి దేశాల కాపీరైట్‌నూ కాపాడాలనే బెర్న్ ఒప్పందంలో మన దేశం 1928 నుంచీ ఉంది. తెలిసి చేస్తే సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపార లాభం కోసం కాకపోతే కోర్టు తగ్గించవచ్చు, కానీ ఫీజులు తీసుకునే స్కూలు గోడను వ్యాపారం కాదని నమ్మించడం కష్టమే. పైగా ఇది బెయిలు హక్కుగా దొరకని నేరమని, పోలీసులు వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది.

"ఇన్ని గోడలున్నాయి, ఎవడి మీదైనా కేసు పడిందా? కంపెనీకి ఫ్రీ పబ్లిసిటీయే కదా" అంటారు. ఒప్పుకుంటా, అనంతపురం ప్లే స్కూల్ మీద జపాన్ కంపెనీ కోర్టుకెక్కే అవకాశం చాలా తక్కువ. కానీ 1989లో అమెరికాలోని ఫ్లోరిడాలో మూడు డే కేర్ సెంటర్ల గోడల మీద మిక్కీ మౌస్ బొమ్మలుంటే తీసేయమని డిస్నీ నోటీసులిచ్చింది. పసిపిల్లల మీదా మీ ప్రతాపం అని జనం తిట్టినా వెనక్కి తగ్గలేదు, చివరికి పోటీ కంపెనీలొచ్చి తమ బొమ్మలు వేసుకోమన్నాయి. అప్పట్లో గోడను ఆ వీధి మాత్రమే చూసేది. ఇప్పుడు ఓనరే ప్రారంభోత్సవం రోజు రీల్ తీసి లోకమంతా పంచుతున్నాడు.

సరే, ఒకవేళ నోటీసు వచ్చిందనుకుందాం, ఎవరి మెడకు చుట్టుకుంటుంది? చట్టం గీసినవాడినీ, గీయించినవాడినీ ఇద్దరినీ పట్టుకుంటుంది. అది పుస్తకంలో మాట. ఓనర్ "నాకేం తెలుసు, పెయింటరే వేశాడు" అంటాడు, లాయర్‌ని పెట్టుకుంటాడు, గోడకు సున్నం కొట్టించి చేతులు దులుపుకుంటాడు. చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడుకుని, ఎండలో ప్రైమర్ కొట్టి, రంగులు కూడా కొన్నిసార్లు తనే అప్పు తెచ్చి వేసినవాడు మాత్రం తన సాక్ష్యాన్ని తనే ఫోన్ నంబరుతో సహా గోడ మీద రాసిపెట్టుకుని ఉంటాడు.

అయితే సొంత బొమ్మ వేసుకోవచ్చు కదా అంటారా? వేసుకోవాలనే నేనూ అంటున్నా. మన చెనిక్కాయకు కాళ్లూ చేతులూ పెట్టి, తలకు తువ్వాలు చుట్టి, గోడ మీద గెంతించగల చేతులు ఈ ఊళ్లో బోలెడు. కానీ అక్కడే నాకు అసలు మంట. సెక్షన్ 17 ఏమంటుందో తెలుసా? డబ్బులిచ్చి పెయింటింగ్ వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, దాని కాపీరైట్‌కు మొదటి యజమాని వేయించుకున్నవాడే. రేపు ఆ చెనిక్కాయ హీరోని ఓనర్ టీషర్టుల మీద వేసి, కడపలో, కర్నూలులో బ్రాంచీల బోర్డుల మీద ఎక్కిస్తే పుట్టించినవాడికి రూపాయి రాదు. అంటే జపాన్ కంపెనీ బొమ్మ గీస్తే దొంగ, సొంత బొమ్మ గీస్తే కూలివాడు. లేపాక్షి కప్పు మీద చూడండి, వీరభద్రుడి పాదాల దగ్గర గుడి కట్టించిన విరూపన్న, వీరన్న పరివారంతో సహా ఉన్నారు, ఆ కప్పు కింద వెల్లకిలా పడుకుని గీసినవాడి పేరు ఎవరికీ తెలియదు. ఐదు వందల ఏళ్లలో మారింది పెద్దగా ఏం లేదు.

ఒక్క ఆశ మిగిలింది. హక్కులు అమ్ముకున్నా పేరు పోదని, బొమ్మను పాడుచేస్తే అడిగే హక్కు ఉంటుందని సెక్షన్ 57 చెబుతుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ మీది కంచు శిల్పాన్ని 1979లో ప్రభుత్వం పీకేస్తే, శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కోర్టుకు వెళ్లారు. 2005లో మిగిలిన ముక్కలు ఆయనకే ఇచ్చేయమని, 5 లక్షలు పరిహారం కట్టమని హైకోర్టు చెప్పింది. ఆయన పేరున్నవారు కాబట్టి అంతదూరం వెళ్లగలిగారు. స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకు కోసం మున్సిపాలిటీలు వేయించే బొమ్మల మీద ఏడాది తిరక్కుండానే సున్నం పడుతుంటే ఏ పెయింటర్ వెళ్తాడు? పంచాయతీ ఆఫీసులకు వేసిన పార్టీ రంగుల మీద 2020లో సుప్రీంకోర్టు దాకా పోయిన రాష్ట్రం మనది, రంగు వేసిన చెయ్యి ఎవరిదని మాత్రం అడగలేదు.

అందుకే ఆ రోజు పెయింటర్‌తో చెప్పాను: అన్నా, పరాయి బొమ్మ అడిగితే పర్మిషన్ కాగితం చూపించమను, కేసొస్తే బాధ్యత నాదేనని ఓనర్‌తో రాయించుకో. సొంత బొమ్మ వేస్తే హక్కు నీదేనని అడ్వాన్స్ తీసుకునేటప్పుడే తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకో. అంతా విని, బ్రష్ కిరోసిన్‌లో ముంచి అడిగాడు.

"అయితే నంబరు చెరిపేద్దునా సార్?"