నడక చాలదా?

(పెళ్లి భోజనాలకి నేల మీద బంతి వేశారు. బాబాయ్ తిని లేవబోతూ ఎడమ చెయ్యి నేలకి ఆనించి, పక్కాయన భుజం పట్టుకుని లేచాడు. ఫిజియోథెరపిస్టు అయిన అన్న కూతురు లలిత అది చూసింది. ఇంటికొచ్చాక, నడకతో పాటు బరువులూ ఎత్తమంది. వాదన మొదలైంది.)

బాబాయ్: రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తా. ఈ వీధిలో నా ఈడువాళ్లు ఎవరైనా నడుస్తున్నారా? నన్ను బరువులెత్తమంటావా?

లలిత: నడక మానమనలేదు బాబాయ్. నడక ఒక్కటే చాలదంటున్నా.

బాబాయ్: మా నాన్న జిమ్ము గుమ్మం తొక్కలేదు. డెబ్బై దాటినా నాగలి పట్టాడు.

లలిత: తాతయ్య ధాన్యం బస్తా వీపునేసుకుని బండికెక్కించేవాడని నువ్వేగా చెప్పావు! బావిలో నీళ్లు తోడేవాడు, గట్ల మీద గొంతుక్కూర్చుని లేచేవాడు. అవి బరువులు కావా? నువ్వేమో ముప్పై ఏళ్లు కుర్చీలో ఉద్యోగం చేశావు. మనిషికి ఎముకలు కదిలించే కండరాలు 600 పైనే ఉంటాయి, ఒంటి బరువులో రమారమి 40 శాతం అవే. చదును రోడ్డు మీద నడిస్తే పిక్కలకి బాగానే పని తగులుతుంది. నేల మీంచి లేపాల్సింది మాత్రం తొడ ముందు కండరం, పిరుదు కండరం. ఒంట్లో అన్నిటికన్నా పెద్దది ఆ పిరుదు కండరమే. నీ నడకలో వాటికి పెద్ద పని పడదు. ముప్పై దాటాక పదేళ్లకి 3 నుంచి 8 శాతం దాకా కండ తరుగుతుంది, అరవై దాటితే ఇంకా వేగం. ప్యాంటు సైజు మారలేదని మురిసిపోకు. కండ పోయిన చోట కొవ్వు చేరితే టేపుకేం తెలుస్తుంది?

బాబాయ్: గుండె కండరం కాదా? నడకతోనే నా బీపీ అదుపులో ఉందని డాక్టరే అన్నాడు.

లలిత: ఒప్పుకుంటా. పిక్క బిగిసినప్పుడల్లా కాళ్లలో రక్తం పైకి వెళ్తుంది, అదీ మంచిదే. కానీ గుండెది వేరే జాతి కండ, పేగులది మరో జాతి. ఆ రెండూ మనం చెబితే వినవు. చెబితే వినే కండ మూడోది. దానికి బరువు పెడితేనే బలం.

బాబాయ్: పక్కింటి కుర్రాడు జిమ్ములోనే భుజం జార్చుకున్నాడు. నడిచేవాడికి భుజం జారుతుందా? పైగా నేను ఇరవై ఏళ్లుగా నడుస్తున్నా. నువ్వు చెప్పేవి మూడో వారానికి ఎవడు చేస్తాడు?

లలిత: (కాసేపు ఆగి) అది నిజం. నా దగ్గరికొచ్చేవాళ్లు చాలామంది మానేస్తారు.

బాబాయ్: చూశావా! అసలు నిన్న రాత్రి పిక్కలో నరం పట్టేసి నిద్రే లేదు.

లలిత: నరం కాదు, కండరం. నరం కబురు మోస్తుందంతే, బిగుసుకోదు.

బాబాయ్: ఊరంతా నరమే అంటుంది.

లలిత: ఊరంతా అంటే కండరం నరమైపోతుందా? అసలు కండరానికి లాగడం ఒక్కటే వచ్చు, తొయ్యడం రాదు.

బాబాయ్: మరి నేను తలుపు తొయ్యట్లేదా?

లలిత: జబ్బ వెనక కండరం మోచేతి ఎముకని లాగితే చెయ్యి చాపుకుంటుంది, తలుపు తెరుచుకుంటుంది. ఇంకోటి విను. బిగిసిన కండ వదలడానికి కూడా శక్తి కావాలి. అది అందకే మనిషి పోయాక శవం కట్టెలా బిగుసుకుంటుంది.

బాబాయ్: పెళ్లింటి నుంచొచ్చి శవాల కబుర్లేంటే!

లలిత: సరే, బతికున్నవాళ్ల సంగతే చెబుతా. 1990లో బోస్టన్ డాక్టర్లు ఒక ప్రయోగం చేశారు. వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్లు అటూఇటూగా ఉన్న పదిమందికి ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించారు. చివరిదాకా చేసింది తొమ్మిదిమంది. వాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. నీకింకా అరవై నాలుగేగా! చేతులు గుండెల మీద కట్టుకుని ఆ కుర్చీలోంచి లే చూద్దాం.

(బాబాయ్ చేతులు కట్టుకున్నాడు. ముందుకి వంగి ఒక ఊపు ఊగాడు, మళ్లీ కూలబడ్డాడు. రెండోసారి పళ్లు బిగించి లేచాడు.)

బాబాయ్: కుర్చీ ఎత్తు తక్కువ.

లలిత: వంటింట్లో పిన్ని కుర్చీ ఎత్తుగా ఉంటుంది. తెస్తానుండు.